పెరటాసి శనివారం బోండాలు

మా నాయన మంచివాడని ఊరంతా అనేది. ఊరికేం, అది ఆయన చేతి దెబ్బ తినలేదు. రేణిగుంటలో గూడ్సు బండ్లకు మూటలెత్తే పని ఆయనది. మూటలెత్తిన ఆ చేతులతోనే మా అమ్మను కొట్టేవాడు. చారులో ఉప్పు ఎక్కువైతే ఒక దెబ్బ, తక్కువైతే రెండు. అమ్మ నోరెత్తేది కాదు. నా మీద మాత్రం ఆయన ఒక్కనాడూ చెయ్యి చేసుకోలేదు.

నగరి అనే ఊరికి కోడలిగా పోయిన నేను తొలికాన్పుకు పుట్టింటికి వచ్చాను. వచ్చి నాలుగు రోజులైంది. నా కాన్పు సుఖంగా జరగాలని నాయన ఆ ఏడు గోవిందుడి నెలయిన పెరటాసిలో వచ్చే శనివారాలన్నీ ఒక్కపొద్దు ఉంటానని మొక్కుకున్నాడు. ఆ శనివారం పొద్దున్నే తలకు పోసుకుని, నిలువు నామం పెట్టుకుని, చెంబు పట్టుకుని 'గోవిందా' అంటూ నాలుగిళ్ళు తిరిగి బియ్యం తెచ్చాడు. ఆ బియ్యం వండి అమ్మ దేవుడికి తళిగ వేసి నైవేద్యం పెట్టింది. మధ్యాహ్నం ఆ అన్నం ఒక్కటే తిని, సాయంత్రం ఏదైనా పలారం తినాలి. నాకేమో బోండాలు తినాలని ప్రాణం లాగుతోంది. కూతురు అడిగిందని నాయన రేణిగుంట నుంచి ఉర్లగడ్డలు, అంటే బంగాళాదుంపలు, తెచ్చి పెట్టాడు.

గడ్డలు ఉడకబెట్టి తోలు తీసింది అమ్మ. శెనగపిండి కలుపుకుని, పొయ్యి మీద బాణలి పెట్టి, నూనె కాగేలోపు నీళ్ళకు పోయింది. నేను గడ్డలు చిదిమి, పచ్చిమిరపకాయ, అల్లం, కరివేపాకు వేశాను. మూలనున్న బుట్టలోంచి రెండు ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, తీసి సన్నగా తరిగి అవీ కలిపాను. మా అత్తగారింట్లో శనివారం అంటే నీచు ముట్టరు, అంతే. ఎర్రగడ్డకు అడ్డు లేదు. మా ఇంటి మొక్కుకు అదీ పనికిరాదని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నిమ్మకాయంత ఉండలు చేసి పెట్టాను. అమ్మ వచ్చి వాటిని పిండిలో ముంచి నూనెలో వేసింది. మొదటి వాయి తట్టలోకి తీసి, ఉడికిందో లేదో చూద్దామని ఒకటి విరిచింది. వాసన తగిలిందేమో, మొహం పాలిపోయింది. నా వైపు చూసింది. ఏమైందని నేను అడిగేలోపే నాయన కాళ్ళు కడుక్కుని వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"ఉండయ్యా, ఇది మాడిపోయింది. ఇంకో వాయి తీసిస్తా" అని అమ్మ తట్ట లాక్కోబోయింది.

"బాగానే ఉండాది గదా" అని ఆయన ఒకటి నోట్లో వేసుకున్నాడు. రెండు సార్లు నమిలి ఉమ్మేశాడు.

"ఎర్రగడ్డ! నా ఒక్కపొద్దు మంట్లో కలిపినావు గదే ముండా! నా బిడ్డకు ఏమన్నా అయితే నిన్ను నరికేస్తా!"

తట్ట తీసి అమ్మ మొహాన కొట్టాడు. పెదవి చిట్లి రక్తం కారింది. జుట్టు పట్టుకుని గోడకేసి గుద్దాడు. అమ్మ "తప్పయిపోయింది, మర్సిపోయినా" అంటోందే గానీ నా పేరెత్తలేదు. నేను గోడకు అంటుకుని నిలబడ్డాను. ఒక్క మాట చెబితే చాలు. నన్ను కొట్టడని తెలుసు. అయినా నోరు పెగల్లేదు. ఆ పిరికితనానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఆయన కాలితో పొయ్యిని తన్నాడు. బాణలి ఒరిగి, కాగిన నూనె అమ్మ కుడి చేతి మీద పడింది, మోచేతి నుంచి వేళ్ళ దాకా. అమ్మ అరిచిన అరుపుకు వీధిలో వాళ్ళు గడప దాకా వచ్చి, మొగుడూ పెళ్ళాల గొడవలే అని వెనక్కి పోయారు. అయినా ఆయనకు చాల్లేదు. పొయ్యిలోంచి మండే కట్టె లాగాడు.

"నాయనా, నేనేసినా! ఎర్రగడ్డ నేనేసినా! అమ్మకు తెల్దు!" అని అరిచాను.

కట్టె గాల్లోనే ఆగింది. నన్ను చూశాడు. అమ్మను చూడలేదు.

"నువ్వా? ముందే సెప్పకూడదా పాపా" అన్నాడు, గొంతు మెత్తబడి. "తెలీక ఏసినావులే. కడుపుతో ఉండే బిడ్డవు. ఆ సామి ఏమీ అనుకోడు."

కట్టెను మళ్ళీ పొయ్యిలో పెట్టాడు. కింద పడిన బోండాలు ఏరి, దుమ్ము ఊది, పీట మీద కూర్చుని తిన్నాడు. నాకూ ఒకటి ఇవ్వబోయాడు. నేను అందుకోలేదు. ఆ మనిషికి పుట్టినందుకు రోత పుట్టింది.

పెరట్లో అమ్మ చేతికి సున్నపు తేట, కొబ్బరినూనె కలిపి రాశాను. తోలు ఊడి నా వేళ్ళకు అంటుకుంటోంది. అంత సేపూ ఏడవని అమ్మ అప్పుడు ఏడ్చింది. మండుతోందా అని అడిగాను. కాదని తల ఊపింది.

"ఎందుకు సెప్పినావు పాపా? ఇన్నేండ్లూ నేనేదో తప్పు సేస్తాండాననే కొడతాండాడు అనుకుంటి."