సక్కుబాయి కుట్టుమిషన్ ఏమైంది?

శంషాబాద్ పక్కనున్న ఆ ఊళ్లో సక్కుబాయి అనగానే ముందు ఆమె గొంతు గుర్తొస్తుంది. ఇంటి ముందు నిలబడి మొగుణ్ని పిలిచిందంటే, నాలుగిళ్లవతల వాళ్లు "జంగయ్యా, పిలుస్తున్నది పో" అని అతన్ని తరిమేవాళ్లు. నలభై అయిదేళ్ల మనిషి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ పొలం పనే. నాట్లేసినా మిరపకాయలేరినా ఆమె సాలు ముందుండేది. ఆ పొలం విమానాశ్రయం కిందికి పోయింది. 2008లో విమానాలు ఎగరడం మొదలయ్యాక ఆమె గొంతుకు మొదటిసారి పోటీ వచ్చింది.

భూములు పోయిన కుటుంబాలను ఆదుకోవడానికి మరుసటి ఏడు ఒక విదేశీ సహాయ సంస్థ దిగింది. ఇంటికొక కుట్టుమిషన్ ఇచ్చి, నలభై రోజులు శిక్షణ ఇప్పించింది. ఆ పనులన్నీ చూసేది గోవర్ధన్. జేబులో మూడు పెన్నులు, మొహంలో ఎప్పుడూ ఏదో మరిచిపోయి వచ్చినట్టు కంగారు.

శిక్షణ మొదటిరోజే సక్కుబాయి గుడ్డతోపాటు బొటనవేలూ కుట్టుకుంది. పది రోజులు పోయాక జంగయ్యకు లాగు కుట్టింది. అతను ఒక కాలు దూర్చి, రెండో కాలికి దారి దొరక్క ఒంటికాలి మీద నిలబడి, "ఏందే ఇది, సంచా?" అన్నాడు. ఆ తర్వాత అందులో ఉల్లిగడ్డలు పోశారు.

ఆమెకు పని రాకపోవడం ఒక్కటే కాదు చిక్కు. ఊళ్లో అరవై ఇళ్లు, అరవై మిషన్లు. అందరూ కుట్టేవాళ్లే అయ్యాక రవికె గుడ్డ పట్టుకొని ఎవరి గడప ఎవరు ఎక్కాలి? ఆరు నెలలు చూసి సక్కుబాయి ఒక నిర్ణయానికి వచ్చింది. కొత్తూరులో దర్జీ దశరథం దగ్గర ఇంకా ఈనని బర్రె పడ్డ ఒకటి ఉంది. దాన్ని మేపలేక అతను విసిగిపోయి ఉన్నాడు. మిషన్ అతనికిచ్చేసి, పడ్డను తోలుకొచ్చుకుంది. 2012 నాటికి అది ఈని, రెండు పూటలా పాలివ్వసాగింది. ఎయిర్‌పోర్టు రోడ్డు మీద క్యాబ్ డ్రైవర్లు తాగే చాయ్‌లో ఆ బర్రె పాలే ఎక్కువ.

ఆ ఏడే, ఇచ్చిన సాయంతో జనం బతుకులు ఏ మేరకు మారాయో తేల్చడానికి సంస్థ ఒక మేడమ్‌ను పంపింది. ముందురోజే గోవర్ధన్ ఊరంతా తిరిగాడు. ఒకరి మిషన్ టీవీ కింద ఉంది. ఇంకొకరి దాని మీద బిందెలున్నాయి. సక్కుబాయి ఇంట్లో అసలు మిషనే లేదు.

"అక్కా, ఏమైందే మిషన్?"

"గదిగో," అని సక్కుబాయి బర్రెను చూపించింది.

గోవర్ధన్ అరుగు మీద కూలబడ్డాడు. "జర నా నౌకరీ చూడక్కా. రేపు ఒక్క గంట మిషన్ ముంగట కూసో. చాలు." పక్కింటి భారతమ్మను బతిమాలి, ఆమె టీవీని దింపించి, మిషన్ తెచ్చి అరుగు మీద పెట్టించాడు. అబద్ధమాడడం సక్కుబాయికి చేతకాదు. కానీ వాడి మొహం చూస్తే జాలేసి, సరేనంది.

మేడమ్ పేరు పూర్ణిమ. కాకినాడ వైపు మనిషి. ప్రశ్నల కాగితాల కట్ట ఒళ్లో పెట్టుకుని, ఎంతో మర్యాదగా, "అమ్మా, మీకు ఇబ్బంది లేకపోతే కొంచెం కుట్టి చూపిస్తారా?" అని తన చేతిరుమాలు ఇచ్చింది.

గోవర్ధన్ కళ్లు మూసుకున్నాడు. సక్కుబాయి దేవుణ్ని తలుచుకుని తొక్కింది. మిషన్ గడగడలాడింది. రుమాలు అటు వెళ్లింది, ఇటు వచ్చింది. సరిగ్గా అప్పుడే పెరట్లో బర్రె అరిచింది. పాలు పితికే వేళ. అలవాటు కొద్దీ సక్కుబాయి లేచి గబగబా నడవబోయింది. ఏదో వెనక్కి లాగింది. చూస్తే, రుమాలూ ఆమె కొంగూ ఒక్కటై సూది కింద బిగుసుకున్నాయి.

"ఇగ నాతోని కాదు గోవర్ధనూ," అని ఆమె కొంగు పట్టుకుని కూర్చుంది. "అమ్మా, నాకు కుట్టుడు రాదు. ఈ మిషన్ భారతమ్మది. నాది ఇచ్చి బర్రెను తెచ్చుకున్న. తప్పయితే రాసుకో."

పూర్ణిమ కత్తెర అడిగి, తనే కొంగు విడిపించింది. ఇద్దరూ పెరట్లోకి వెళ్లారు. సక్కుబాయి పాలు పితుకుతుంటే పూర్ణిమ కాగితం తిరగేసింది.

"ఇందులో, యంత్రం రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తోందని ఉందండీ. ఏం రాయమంటారు?"

"పొద్దున ఒకసారి, మాపున ఒకసారి. అరిగేది లేదు, ఆయిలు పోసేది లేదు. గట్లనే రాయి."

పూర్ణిమకు నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి, "అసలు మీకేం కావాలో అప్పుడు ఎవరూ అడగలేదా?" అంది.

"ఎందుకు అడగలేదు! అడిగిన్రు. మిషన్ నల్లది కావాల్నా, నీలిది కావాల్నా అని."

పూర్ణిమ ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకుంది. గోవర్ధన్ దిగులుతో రెండు నెలలు సరిగా అన్నం తినలేదు. తీరా చూస్తే అతని ఉద్యోగం పోలేదు. ఇకమీదట ఏదిచ్చినా ముందు ఇంటింటికీ వెళ్లి ఏం కావాలో అడగాలని పైనుంచి ఉత్తరం వచ్చింది. అడగాల్సింది అతనే. ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క కోరిక. ఒకాయన నీళ్ల నల్లా అడిగాడు, ఒకావిడ కూతురికి కంప్యూటర్ చదువు అడిగింది. తనకు ఎయిర్‌పోర్టులో నౌకరీ కావాలని జంగయ్య కూడా రాయించాడు. ఏ పని అంటే, పగటి కునుకు వేళ విమానాలను కాసేపు ఆపే పనన్నాడు.

మరుసటి ఏడు పూర్ణిమ మళ్లీ వచ్చింది. ఈసారి ఆ ఉత్తరం రాకముందే కొత్తూరు వైపు ఊళ్లలో పంచిన నీళ్ల ఫిల్టర్లు ఎట్లా పనిచేస్తున్నాయో చూడాలట. "మీరు కూడా నాతో వస్తారా అమ్మా?" అని అడిగింది. సక్కుబాయి బర్రెను జంగయ్యకు అప్పజెప్పి, ఉతికిన చీర కట్టుకుని జీపెక్కింది.

మొదట మొగులయ్య అనే ఆయన ఇంటికి వెళ్లారు. ఆయన భార్య చేతులు కట్టుకుని పాఠం అప్పజెప్పినట్టు, "రోజూ ఫిల్టర్ నీళ్లే తాగుతున్నం మేడమ్, మస్తు మంచిగున్నయ్" అంది. పూర్ణిమ రాయబోయింది. సక్కుబాయి ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, తిన్నగా పెరట్లోకి నడిచింది. అక్కడ మూత తీసి గడ్డి పరిచిన ఫిల్టర్ డబ్బాలో ఒక కోడి దర్జాగా కూర్చుని ఉంది.

వెనకే పరుగున వచ్చిన మొగులయ్య భార్యను సక్కుబాయి ఒక్క మాటైనా అనలేదు. కోడి పక్కన గొంతుక్కూర్చుని, "ఎన్ని గుడ్లు పొదగవెట్టినవ్, చెల్లే?" అని అడిగింది.

ఆమె సిగ్గుపడుతూ పన్నెండని చెప్పి, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.