దుమ్ము పట్టని అర

నాచారం పారిశ్రామికవాడ పక్కనుంచి బస్సు వెళ్తుంటే కిటికీలోంచి బిస్కెట్లు కాలే వాసన గుప్పున వస్తుంది. దాని వెనకే ఏదో ఫ్యాక్టరీ ఘాటు. నిన్న పొద్దున పక్కసీటు ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. నాకేమో కళ్ళు చెమర్చాయి. ఆ వాసన చుట్టుకునే వీధిలోనే విశాలాక్షి మేడం ఇల్లు.

గ్రంథాలయ శాస్త్రంలో నా పీహెచ్‌డీకి ఆమె గైడు. విజయవాడ వైపు మనిషి. భర్త రైల్వే ఉద్యోగం కారణంగా ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. గైడుల ఇళ్ళకు గ్యాసు బండలు మోసిన స్కాలర్ల కథలు బోలెడు విని, నేనూ మొదటిసారి భయపడుతూనే వెళ్ళాను. అక్కడ పద్ధతే వేరు. వెళ్ళగానే ముందు పెసరట్టు తినాలి, తర్వాతే అధ్యాయం బయటికి తీయాలి. "ఖాళీ కడుపుతో తిట్లు తింటే అరగవమ్మా" అనేవారు. నిజంగానే కడుపు నిండా పెట్టి, ఆ తర్వాత చీల్చి చెండాడేవారు.

అప్పట్లో నేను ఉప్పల్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ గ్రంథాలయంలో కాంట్రాక్టు ఉద్యోగిని. పిల్లలు ఏ పుస్తకాలు వాడుతున్నారు, ఏవి వాడటం లేదు అన్నదే నా పరిశోధన. పిల్లలు పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళిన లెక్కలన్నీ కంప్యూటర్లోంచి తీశాను. వెనక మూల, స్తంభం చాటున ఒక అర ఉండేది. ఇంటర్ స్థాయి లెక్కలు, ఇంగ్లీషు గ్రామర్, తేలిక మాటల్లో ఫిజిక్స్. పైన 'ప్రాథమిక పుస్తకాలు' అని బోర్డు. ఏళ్ళ తరబడి అందులోంచి ఒక్క పుస్తకం కూడా ఎవరూ ఇంటికి తీసుకుపోలేదు. ఇవి తీసేయవచ్చు అని అధ్యాయంలో రాసేసి, కాలేజీలోనూ చెప్పాను. ప్రిన్సిపాల్ గారు సంబరపడ్డారు. ఆ చోట కంప్యూటర్లు పెట్టించాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. సెలవుల్లో పుస్తకాలు పాత పేపర్ల షాపుకు పంపేద్దామన్నారు. నాకూ తొందరగానే ఉంది. ఆ వేసవిలో థీసిస్ ఇచ్చేస్తే, అదే కాలేజీలో పర్మనెంటు పోస్టుకు నిలబడవచ్చు.

మేడం అధ్యాయమంతా చదివి కళ్ళజోడు నుదుటి మీదికి తోశారు.

"అంతా బానే ఉంది. ఆ అరలో దుమ్ముందా?"

"దుమ్మా మేడం?"

"ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోలేదంటున్నావుగా. దుమ్ముండాలి కదా. ఉందా లేదా?"

"సూడలే మేడం."

"చూసిరా. చూసేదాకా థీసిస్ ఇవ్వకు."

ఒళ్ళు మండిపోయింది నాకు. ఇన్ని నెలలు కూర్చుని లెక్కలు కడితే ఈమె దుమ్ము సంగతి అడుగుతుందేమిటి! ఉప్పల్ రింగు రోడ్డు వచ్చేదాకా మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను.

మర్నాడు వెళ్ళి వేలితో రాసి చూశాను. పక్క అర మీద వేలు నల్లబడింది. ఈ అర మీద ఏమీ అంటలేదు. పుస్తకాల అంచులు చేతుల జిడ్డుతో మాసిపోయాయి, గ్రామర్ పుస్తకానికి కుట్టు ఊడి ఉంది. కుర్చీ లాక్కుని ఆ స్తంభం దగ్గరే పని పెట్టుకున్నాను. భోజనాల వేళ హాలు ఖాళీ అయ్యాక ఒకమ్మాయి వచ్చింది. పేరు అప్పుడూ రాయలేదు, ఇప్పుడూ రాయను. నిలబడే చదువుతోంది.

"కూసొని సదువు బిడ్డా. ఇంటికి గూడ తీస్కపోవచ్చు" అన్నాను.

ఆ పిల్ల బెదిరిపోయింది. పుస్తకం అరలో పెట్టేసి మెల్లగా చెప్పింది. "కౌంటర్ల పుస్తకం పేరు గట్టిగ సదువుతరు గద మేడం. ఎనక లైన్ల మా క్లాసోళ్ళుంటరు. బీటెక్‌లకొచ్చి ఇంటర్ గ్రామర్ సదువుతుందని నవ్వరా? నాది తెలుగు మీడియం."

అవును, మా దగ్గర ఆ అలవాటుండేది. తప్పులు దొర్లకుండా ఒకరు పేరు పైకి చదివితే ఇంకొకరు కంప్యూటర్లో ఎక్కించేవారు. ఆ చదివే గొంతు నాదే. నేనూ తెలుగు మీడియం నుంచి వచ్చినదాన్నే.

ఆ తర్వాత వారం రోజుల్లో ఇంకొందరు కనబడ్డారు. ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. "గట్లనా? మంచిదే. పేర్లియ్యమ్మా, స్పెషల్ క్లాసులు పెట్టిద్దాం. పేర్లు లేకుంటే నేనెట్ల నమ్మాలె? అర తీసేసుడే" అన్నారు. పేర్లు నాకు తెలుసు. ఇస్తే పుస్తకాలు మిగులుతాయి, నా అధ్యాయానికి రుజువూ దొరుకుతుంది. మేడంకు ఫోన్ చేసి అదే చెప్పాను.

"ఎవరు చదివారో చెప్పి పుస్తకాన్ని కాపాడితే, ఇక ఆ పుస్తకం దగ్గరికి ఎవరొస్తారే పిచ్చిపిల్లా? ఉండు, రేపొస్తున్నా."

పొద్దున్నే ఆటో దిగి, కొంగు దోపుకుని లోపలికొచ్చారు. ముందు ఆ బోర్డు పీకించారు. చిన్న లెక్కల పుస్తకాలు తీసుకెళ్ళి పెద్ద లెక్కల పుస్తకాల పక్కన, ఫిజిక్స్‌ను ఫిజిక్స్ పక్కన, గ్రామర్‌ను ఉద్యోగాల పరీక్షల పుస్తకాల మధ్యన ఇద్దరం సర్దాం. "ఎవరు దేనికోసం నిలబడ్డారో దేవుడికి కూడా తెలియకూడదు" అన్నారు చెమట తుడుచుకుంటూ. మధ్యాహ్నానికి అర ఖాళీ అయింది.

ప్రిన్సిపాల్ గారు వచ్చి చూసి, "ఏంది మేడం గిది?" అన్నారు.

"మీ కంప్యూటర్లకు చోటు కావాలన్నారుగా. తీసుకోండి."

ఆయన పకపకా నవ్వేశారు. "మస్తు తెలివి మేడం మీకు!" ఆ రోజు నుంచి కౌంటర్లో పేర్లు పైకి చదవడం మానేశాం.

అధ్యాయం మొత్తం తిరగరాయాల్సి వచ్చింది. ఆ ఏడాది పోస్టు వేరేవాళ్ళకు పోయింది. మేడం ఇంట్లో కూర్చుని భోరున ఏడ్చాను. ఓదార్చలేదు ఆమె. "ఉద్యోగం మళ్ళీ వస్తుందమ్మా. అబద్ధం రాసిన థీసిస్ మాత్రం నీ పేరు మీదే ఉండిపోతుంది" అన్నారంతే. ఉద్యోగం తర్వాత వచ్చింది. ఆ రోజు ఆమె నన్ను ఆపకపోతే, ఆ పుస్తకాలను పాత పేపర్ల షాపుకు పంపిన మనిషిగా మిగిలేదాన్ని. ఆ రుణం తీర్చుకునే దారి నాకు లేదు.

పోయినేడు ఆమె మంచాన పడ్డారు. ఆదివారాలు మా గ్రంథాలయంలోంచి నా పేరు మీద పుస్తకాలు తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని. "ఇలాంటిది ఇంకోటి ఉంటే పట్రావే" అని చిన్నగా చెప్పేవారు. చివరిదాకా చదువుతూనే ఉన్నారు.

నిన్న పదకొండో రోజు కార్యక్రమాలయ్యాక ఆమె కొడుకు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. "అమ్మ చివర్లో ఏం చదివేది అక్కా? మేం గదిలోకొస్తే దిండు కింద పెట్టేసేది" అన్నాడు. ప్రేమకొద్దీ అడిగాడు పాపం. నోటిదాకా వచ్చింది.

"అదొక్కటి అడగకు తమ్ముడూ" అన్నాను.

అతను కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. మేడం చివరి రోజుల్లో ఏం చదివారో నాకొక్కదానికే తెలుసు. అది నాతోనే ఉంటుంది.