కాక్‌పిట్ కింది మచ్చ

2022. మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. వినుకొండ బస్టాండు వెనక సందులో నా షాపు. అప్పటికే నా చేతుల మీదుగా నాలుగు వందల యుద్ధ విమానాలు బయటికెళ్లాయి. కొన్ని దేశాలకి అన్ని ఉండవు.

వాటిలో ఒక్కటీ ఎగరదు, అది వేరే సంగతి. నేను చేసేవి స్కేల్ మోడల్స్. అసలు విమానాన్ని కొలత తప్పకుండా కుదించి చేసే బొమ్మలు. నాది ఎక్కువగా 1/48 స్కేల్, అంటే అసలుది నలభై ఎనిమిది అడుగులుంటే నాది ఒక్క అడుగు. అంతకుముందు లారీల మీద అక్షరాలు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలొచ్చి బోర్డుల పని పోయింది, రేడియం స్టిక్కర్లొచ్చి లారీల పని పోయింది. బ్రష్షు పట్టిన చెయ్యి ఊరుకోదు కదా. తెలిసిన ఇంజినీరు గారింట్లో విరిగిన మోడల్ ఒకటి బాగుచేసిచ్చాను. ఆయన నలుగురికి చెప్పాడు. అదే వృత్తయి కూర్చుంది.

కిట్ డబ్బా తెరిస్తే ముక్కలన్నీ చెట్టుకి కాయల్లాగా ప్లాస్టిక్ కాడలకి అంటుకుని ఉంటాయి. ఆ కాడని స్ప్రూ అంటారు. ముక్కలు కోసి, అతికించి, సందుల్లో పుట్టీ పెట్టి, వాటర్ పేపరుతో రుద్ది, ప్రైమర్ కొట్టాక అప్పుడు రంగు. రంగు కొట్టేది ఎయిర్‌బ్రష్‌తో, పెన్నంత ఉండే స్ప్రే అది. మిరప కోతల్లో మా ఊరి గాలికే ఘాటుంటుంది. తడి రంగు మీద ఎర్ర దుమ్ము వాలిందంటే ఇక వదలదు. అందుకని నేను దోమతెర కట్టుకుని అందులో కూర్చుని కొడతాను. వీధిలో వెళ్లేవాళ్లు నాకు జ్వరమొచ్చిందనుకుంటారు.

ఆ రోజూ దోమతెరలోనే ఉన్నాను. బయట పాలిష్ బూట్లు ఆగాయి.

"విమానాలు చేసే పెయింటర్ గారు మీరేనాండీ?"

డెబ్బై దాటిన మనిషి, నా ఈడే. పేరు కోటేశ్వరరావు. పదిహేను కిలోమీటర్ల అవతల ఊరు, రెండెకరాల మిరప. ఎయిర్‌ఫోర్సులో ఇరవై ఏళ్లు చేసి వచ్చానన్నాడు. వాళ్లూరి హైస్కూల్ వార్షికోత్సవంలో సన్మానమట, బల్ల మీద పెట్టడానికి మిగ్-21 కావాలట.

"కాక్‌పిట్ కింద పేరు రాయాలండీ. పైలట్ కోటేశ్వరరావు అని."

పైలట్ కూర్చునే చోటు కాక్‌పిట్. దాని అంచు కింద పేరు రాసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. నేను దోమతెర లోంచి బయటికొచ్చి, కుర్చీ తుడిచి వేసి, సెల్యూట్ కూడా కొట్టాను. ఎడమ చేత్తో కొట్టానని తర్వాత తెలిసింది.

మూడు వారాల్లో మోడల్ సిద్ధమైంది. జానెడున్నర పొడవు, వెండి రంగు. డెకాల్స్ అంటే నీళ్లలో నానబెట్టి జార్చి అతికించే పలచటి గుర్తులు, అవీ అయ్యాయి. చూసుకోవడానికి ఆయన వచ్చాడు. ఇక్కడే నాకు అనుమానం తగిలింది. ఎవరికి చూపించినా ముందు ముక్కు చూస్తారు, తర్వాత కాక్‌పిట్ చూస్తారు. ఈయన బల్ల పక్కన గొంతుక్కూర్చుని, తల వంచి విమానం కడుపు చూశాడు. చక్రం పక్కన నేను సన్నటి రాగితీగతో పెట్టిన బ్రేకు గొట్టం దగ్గర చూపు ఆగిపోయింది.

"ఇది ముందు నుంచి తెచ్చారేంటండీ? ఇట్లా అయితే చక్రం మడిచినప్పుడు నలిగిపోద్ది. వెనక నుంచి రావాలి."

"పైన కూర్చుని నడిపే మీకు కింద గొట్టం సంగతి ఎట్లా తెలుసండీ?"

ఆయన లేవలేదు. నేల మీదే కూర్చుండిపోయాడు.

"నేను నడపలేదండీ. చక్రాలు, బ్రేకులు చూసే ఫిట్టర్ని. రిటైరై వచ్చినప్పుడు విమానాల్లో పనిచేశానని చెప్పా. ఊరోళ్లు నడిపాడనుకున్నారు. నేను చెప్పలేదు. కాదనలేదు కూడా."

"అయితే ఏమైందిప్పుడు?"

"ముఖ్య అతిథిగా ఒంగోలు నుంచి రిటైరైన పైలట్ గారిని పిలిచారంట. నిజం పైలట్టు. ఆయన రెండు ప్రశ్నలేస్తే చాలు, పిల్లల ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? మా ఇంటావిడ ముందరి వరసలో కూర్చుంటది. ముప్పై ఏళ్ల నుంచి నేను పైలట్ననే నమ్ముతోంది."

నాకు ఆయన మీద కోపం రాలేదు. మా ఇద్దరిదీ ఒకటే కులం, ఉన్నదాన్ని పొంగించే కులం. ఇంతకీ మీకూ ఒక మాట చెప్పాలి. పైన నాలుగు వందల విమానాలన్నాను. నలభై ఒకటి. అందులో మూడింటికి చక్రాలు సరిగా కుదరక, ఎగురుతున్నట్టుగా స్టాండు మీద నిలబెట్టాను. ఆ మాటే ఆయనకీ చెప్పాను. ఆయన కాసేపు నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు.

"మాస్టారూ, పేరు పైన వద్దు, మనకి చోటు కిందుంది" అని నేనే ఒప్పించాను. ఆయన పేరుని, చక్రం మడిచాక మూసుకునే తలుపు లోపలి వైపు, అన్నం మెతుకంత చోటులో, వెంట్రుకంత సన్నటి మూడు సున్నాల బ్రష్షుతో రాశాను. బ్రేకు గొట్టం వెనక్కి తిప్పాను. తర్వాత కిట్‌లో లేని పనొకటి చేశాను. పుట్టీతో వేలి కణుపంత మనిషిని చేసి, ఖాకీ నిక్కరు తొడిగి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, ఒక చెయ్యి చక్రం మీద వేయించాను. కాక్‌పిట్ కింద ఎడమ పక్కన రంగు వెలిసినట్టు చిన్న మచ్చ కూడా ఉంచాను. దాన్ని వెదరింగ్ అంటారు, ఎండకీ వానకీ పాతబడ్డట్టు చేసే విద్య. అది అందరికీ రాదు.

వార్షికోత్సవం రోజున నేనూ వెళ్లాను. హెడ్మాస్టరమ్మ గారు మైకులో "మన ఊరి పైలట్" అన్నారు. చప్పట్లు. ఒంగోలు నుంచి వచ్చిన ఆఫీసరు గారు మోడల్ మీదికి వంగి, ఆ బుల్లి మనిషిని చూపించి అడిగారు.

"ఇదెవరండీ?"

కోటేశ్వరరావు మైకు తీసుకున్నాడు. గొంతు ఖంగుమంది.

"అది నేనండీ. పైలట్ని కాను. ఎప్పుడూ నడపలేదు. చక్రాలు చూసేవాణ్ణి."

ముందరి వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"తాతయ్యా, దిగేటప్పుడు చక్రం పగిలితే ఏమవుద్ది?"

"నా చేతి కింద ఒక్కటీ పగల్లేదమ్మా" అన్నాడు. ఆఫీసరు గారి వంక చూసి దిద్దుకున్నాడు. "ఒకటి పగిలింది. ఎవరికీ ఏం కాలేదు."

ఆపైన ప్రశ్నలే ప్రశ్నలు. దిగొచ్చిన విమానం బ్రేకులు పెనంలా కాలతాయని ఆయన చెబుతుంటే, ఆఫీసరు గారు కుర్చీ పక్కకి లాక్కుని కూర్చున్నారు. ఇద్దరూ బ్రేకుల గొడవలో పడి సభని మర్చిపోయారు. హెడ్మాస్టరమ్మ గారు శాలువా పట్టుకుని పావుగంట నిలబడ్డారు.

ఈ పని నాకు నేర్పింది ఇది. మోడల్‌కి విలువ తెచ్చేది వెండి రంగు కాదు, కింద సరిగ్గా పెట్టిన గొట్టం. మనిషికీ అంతే. పొంగించేవాణ్ణి నేల మీదికి దించడానికి పక్కన ఒక నిదానస్తుడుండాలి. ఆ రోజు ఆ నిదానస్తుణ్ణి నేనే.

ఇంతవరకు రాసి, అచ్చుకిచ్చే ముందు వాళ్లింటికెళ్లి చదివి వినిపించాను. కోటేశ్వరరావు తల వంచుకుని విన్నాడు. ఆయన భార్య శేషారత్నం వాకిట్లో మిరపకాయల్లోంచి పనికిరాని తాలు కాయలు ఏరుతోంది. చెయ్యి ఆపకుండా విని, చివర్న తలెత్తింది.

"అన్నయ్యగారూ, పైలట్ననే నేను నమ్మానని రాశారా? సెలవకొచ్చినప్పుడల్లా ఆయన బట్టల్లో గ్రీజు వదలగొట్టింది ఎవరనుకున్నారు?"

కోటేశ్వరరావు గతుక్కుమన్నాడు. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు. మీరు చెప్తారేమోనని చూశా." మళ్లీ నా వైపు తిరిగింది. "గొట్టం సంగతి నిజం. బుల్లి మనిషిని పెట్టింది మీరే, అదీ నిజం. ఒప్పించానన్నది మాత్రం తాలు."

లేచి లోపలికెళ్లి, టీవీ పక్కనున్న మోడల్ తెచ్చి నా ముందు పెట్టింది. పసుపు అంటిన వేలితో కాక్‌పిట్ కింద చూపించింది.

"పైలట్ అని రాయమంటే మీరు సొంతంగా వింగ్ కమాండర్ అని రాసి, ఫోన్లో ఫోటో పంపలా? అది చూసి ఈయన రాత్రంతా కూర్చున్నాడు. తెల్లారి మీ దగ్గరికొచ్చి చెరపమంటే, 'ఉండనివ్వండి, ఎవరు చూడొచ్చారు' అన్నది ఎవరు? సభయ్యాక ఈయనే అంతా చెప్పాడు. ఇది వెదరింగూ కాదు, ఎండా కాదు. మీరు చెరపనంటే మా ఆయన బ్లేడుతో గీక్కున్న చోటు."