సారక్క తలకాయ కూర

దసరా నాలుగు రోజులుందనగా సారక్కకు ఊరి నుంచి కార్డు వచ్చింది. రాయించింది ఆమె బావ, మొగుడి అన్న ఆగయ్య. పక్క గుడిసెదాన్ని, నాలుగో తరగతి చదివినదాన్ని కాబట్టి చదివి పెట్టింది నేనే.

"పండుగనాడు అవ్వను తీస్కొని వస్తున్న. తమ్ముని చెయ్యి నలిగి రెండు నెలలాయె, డ్యూటీ లేదాయె. మీ బతుకు ఎట్లున్నదో చూస్త. మంచిగ లేకుంటె అదే దినం సామాను కట్టుకొని మా ఎంబడి రావాలె."

సారక్కకు ఊరికి పోవడమంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. ఆ పెద్ద సంసారంలో ఆమె చిన్న కోడలు. అత్త లింగవ్వ అందరికీ పెట్టాక కుండ అడుగు గీకి ఇచ్చేది, అదీ మిగిలితే. గోదావరిఖనిలో ఉన్నది తడికెల గుడిసే కావచ్చు, పొయ్యి మాత్రం తనది.

"పొయ్యేది లేదు చెల్లె. ఆయన కండ్ల ముందల కంచం నిండ పెడ్త, కూర తోటి పెడ్త. అప్పుడేమంటడో చూస్త" అంది నాతో.

మాకు పండుగ కూరంటే మాంసమే. అదెక్కడిదమ్మా? ఆమె మొగుడు రాయమల్లు బాయిలో, అదే బొగ్గు గనిలో, టబ్బులకు బొగ్గు నింపే ఫిల్లరు. రెండు టబ్బుల మధ్య చెయ్యి పడి, దవాఖాన కట్టుతో ఇంటిపట్టున కూర్చున్నాడు. మా వరసలో ఎనిమిదిళ్ళ వాళ్ళం కలిసి మేకను కొని, పోగులు పెట్టి పంచుకుంటున్నాం. పైసల్లేక సారక్క పోగుకు రాలేకపోయింది.

మేకను హలాల్ చేసేదీ, కోసేదీ, పోగులు పెట్టేదీ వర్క్‌షాపు ఫిట్టరు సర్వర్. కూలి కింద తలకాయ, కాళ్ళు అతనివి. పండుగ పొద్దున సారక్క నేరుగా అతని దగ్గరికే పోయింది.

"సర్వర్ భాయ్, ఎనిమిదిండ్ల బోటి నేను కడుగుత. తలకాయ, కాళ్ళు నాకియ్యి."

"అరె, పండుగ గదా అక్కా, ఊకెనె తీస్కపో."

"ఊకెనె ఎందుకు? నాకు చేతుల్లేవా?"

ఎనిమిదిళ్ళ బోటి, ఆ పేగులూ పొట్టా, ఒక్కతే కూర్చుని కడిగింది. మేమంతా ముక్కు మూసుకుని చూస్తున్నామే తప్ప ఒక్కతీ చెయ్యి వెయ్యలేదు. నేనూ వెయ్యలేదు, దాచడమెందుకు?

తర్వాత తలకాయను, కాళ్ళను నిప్పుల మీద కాల్చి, గీకి, కొట్టించి పొయ్యి మీదికి ఎక్కించింది. తలకాయ కూర ఒక పట్టాన ఉడకదు. పైగా మాది రాక్షసి బొగ్గు పొయ్యి. కట్టెల పొయ్యి అయితే కట్టె వెనక్కి లాగితే మంట తగ్గుతుంది. ఈ బొగ్గు ఒకసారి ఎర్రబడిందంటే ఎవరి మాటా వినదు. కుండ దించాల్సిన టైముకు దించాల్సిందే.

టైమంటే మాకు గడియారాలు ఎక్కడివి? బాయి సైరనే గడియారం. ఏడు గంటల కూతకు మొగవాళ్ళు డ్యూటీకి, పన్నెండు కూతకు అన్నాలు, మూడు కూతకు మళ్ళీ పొయ్యి. చంటిపిల్లలకు పాలివ్వడం కూడా కూతల లెక్కనే.

చుట్టాలను తోలుకురావడానికి రాయమల్లు స్టేషనుకు పోయాడు. ఇంతలో నీళ్ళ ట్యాంకరు వచ్చింది. సారక్క బిందె చంకన పెట్టుకుంది.

"పన్నెండు కూత పడంగనె దించు పోశవ్వా. మర్సిపోయినవో, నీ నెత్తి పలుగగొడ్త!"

"పో పో, నాకు తెల్వదా?" అని నేను రేషను బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. చాట ఒకటి అయింది, రెండోది అయింది. కూత పడదు. ఈ రోజు పొద్దు ఇంత మెల్లగా నడుస్తోందేమిటా అనుకున్నానే గానీ, లేచి ఎండ చూద్దామన్న బుద్ధి పుట్టలేదు.

వాకిట్లోంచి సర్వర్ తల్లి ఇమాంబీ అరిచింది. "ఏందే పోశవ్వా, గీ మాడు వాసన?"

"ఇంక కూత పడలే గదా ఇమాంబీ!"

"అయ్యో పిచ్చిదానా! దసరాకు బాయి బంద్. బంద్ నాడు కూత ఎవడు కూస్తడే?"

పరుగెత్తి కుండ దించేసరికి పులుసంతా ఇగిరిపోయింది. ముక్క అన్నది లేదు, అంతా ఎముకను విడిచి మెత్తటి ముద్ద అయింది. అడుగు నల్లగా అంటింది.

సారక్క వచ్చి చూసి బిందె కింద పడేసింది. "నా కొంప ముంచినవ్ గదనే!" అని నా మీదికి వచ్చింది. వచ్చి, ఆగింది. "నిన్నననుడేంది, కూత పడంగనె దించుమన్నది నేనే గదా" అని నెత్తి కొట్టుకుంది. ఇద్దరం ఏడ్చాం. ఏడిస్తే కూర బాగవుతుందా? అడుగు గీకకుండా పైది వేరే గిన్నెలోకి తీసి, మాడు వాసన పోవాలని ఇంత పుంటికూర, గోంగూరన్నమాట, ఉడికించి కలిపింది. అంతలోనే చుట్టాలు దిగారు.

నేనే కంచాలు కడిగిచ్చాను. సారక్క ముందు అత్తకు పెట్టింది, తర్వాత బావకు, మొగుడికి.

ఆగయ్య కూరను వేలితో కెలికాడు. "ముక్కేది సారవ్వా? ఇదేనా పండుగ?"

"కూర మాడగొట్టింది నేను పటేలా!" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

"కూర సంగతి కాదమ్మా. స్టేషన్ కాడికెల్లి వచ్చే తొవ్వల చెప్పిండు తమ్ముడు, ఎనిమిదిండ్ల బోటి కడిగిందట. గీ బతుకు మనకెందుకు? సామాను సదురుండ్రి, పోదాం."

రాయమల్లు తల ఎత్తలేదు. సారక్క గంటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. లింగవ్వ మాత్రం ఇవేమీ పట్టనట్టు తింటోంది. కంచం ఖాళీ చేసి ముందుకు జరిపింది.

"జరంత పెట్టు" అంది. పెట్టాక కొడుకు వైపు తిరిగింది. "నా పండ్లు పోయి నాలుగేండ్లాయె ఆగయ్యా. పండుగకు ముక్కలు మీకు, ఉత్త పులుసు నాకు. గిన్నేండ్లకు ఇయ్యాల్ల కూర తింటున్న. దీన్ని తోలుకపోవుడు లేదు. మనింట్ల దీనికేం పెట్టిన్నో నాకెరుక. కుండ అడుగు పెట్టిన."

సారక్క గొంతు పదునుగా లేచింది. "గిప్పుడు యాదికొచ్చిందా అత్తా?"

"గిప్పుడే వచ్చింది బిడ్డా. పండ్లు పోయినంక నాకూ అడుగే పెట్టవట్టిరి గదా, అప్పుడు వచ్చింది."

సారక్క కళ్ళు తుడుచుకుంది. గిన్నెలో మిగిలిన కూరంతా అత్త కంచంలో వేసింది.

"బావా, నాలుగింటికి బండున్నది, జల్ది తిను" అంది. "అత్త ఈడనె ఉంటది."