నీళ్ళ కోణం ముప్పై ఏడు

మహబూబాబాద్‌లో పట్టపగలు, మైకు పట్టుకుని, నాలుగు బజార్లకు వినపడేలా నా పరువు నేనే తీసుకున్న కథ ఇది. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే చివర్లో కాస్త గొప్పలు చెప్పుకుంటాను. అప్పుడు మాత్రం అడ్డం రాకండి.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. మాది జఫర్‌గఢ్. మహబూబాబాద్‌లో గది తీసుకుని ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. కాలేజీలో పాఠాల కంటే బందులే ఎక్కువ. బందు లేని రోజు కరెంటు ఉండేది కాదు. ప్రాజెక్టు మాత్రం ఎవరి కోసమూ ఆగదు కదా! మా సుదర్శన్ సార్ నాకూ, నా స్నేహితురాలు నజీమాకూ ఒక పని అప్పజెప్పాడు. కంప్యూటర్లో అణువుల బొమ్మలు చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. రంగురంగుల గోళీలను పుల్లలకు గుచ్చినట్టు కనిపిస్తాయి. ఆ గోళీలే పరమాణువులు. మూడు గోళీల మీద వరుసగా నొక్కితే వాటి మధ్య కోణం ఎంతో చూపిస్తుంది. కొన్ని మందుల అణువుల్లో ఉన్న కోణాలన్నీ అలా కొలవాలి.

నజీమా బుద్ధిగా నొక్కడం మొదలుపెట్టింది. నాకు అంత ఓపికే ఉంటే మీకు ఈ కథ ఉండేది కాదు.

"గిట్ల ఒక్కొక్కటి నొక్కుకుంట కూసుంటే తెలంగాణ వచ్చినంక కూడ నొక్కుతనే ఉంటం" అన్నాను.

"మరేం జేస్తవ్?"

"స్క్రిప్టు రాస్త. ఒక్కసారి నడిపిస్తే కోణాలన్నీ అవే వచ్చి పడాలె."

"నీకు వస్తదా స్వరూపా?"

"రాకపోతే నేర్సుకుంట. ఎవల అమ్మ కడుపులకెళ్ళి నేర్సుకోని వచ్చిండ్రు?"

స్క్రిప్టు అంటే కంప్యూటరుకు వరుసగా రాసిచ్చే ఆజ్ఞలు. ఎవరూ చెప్పకుండానే, సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన పాఠాలు చదివి నేర్చుకున్నాను. సార్ సంబరం చూడాలి! యూనివర్సిటీకి ఫోన్ చేసి మరీ "మా పిల్ల సొంతంగ ప్రోగ్రాం రాస్తున్నది" అని చెప్పేశాడు. వైవా తీసుకోవడానికి కోస్తా వైపు నుంచి ఒక మేడం వస్తున్నారని అటు నుంచి జవాబు వచ్చింది. మేం నోరు తెరవగానే మా యాసకు మూతి బిగబట్టి నవ్వేవాళ్ళను చాలామందిని చూశాం. ఈసారి ఆ అవకాశం ఇవ్వొద్దని సార్ పట్టుదల. నా పట్టుదల అంతకు రెండింతలు.

వైవా రేపు అనగా స్క్రిప్టు పూర్తయింది. ఫైల్లో వరుసగా ఉన్న పరమాణువులను మూడేసి చొప్పున తీసుకుని కోణం చూపించమని రాశాను. ముందు నీళ్ళ మీద పరీక్షించాను. నీటి అణువులో కోణం నూటనాలుగున్నర డిగ్రీలని ఇంటర్ చదివిన ప్రతివాళ్ళకూ తెలుసు. తెర మీద ముప్పై ఏడు చిల్లర వచ్చింది.

బుద్ధున్నవాళ్ళెవరైనా ఇక్కడ ఏం చేస్తారు? రాసింది ఒకసారి సరిచూసుకుంటారు. నేను కుర్చీలోంచి ఎగిరి లేచాను.

"నజీమా, పుస్తకం తప్పు!"

"పుస్తకం తప్పా, నీ స్క్రిప్టు తప్పా?"

"కంప్యూటర్ అబద్ధమాడుతదా? పుస్తకమంటే ఎవలో మనుషులే రాసిండ్రు. నీళ్ళ కాడ మనకు అన్యాలం జరుగుడు గిది కొత్తనా?"

"తోబా! జర ఆగు, సార్‌ను అడుగుదాం."

"సార్ దీక్షల కూసున్నడు కదా. నడువు, ఆడనే జెప్త."

స్టేషన్ దగ్గర రిలే నిరాహార దీక్ష శిబిరం ఉండేది. ఆరోజు లెక్చరర్ల వంతు. మా సార్ మెడలో దండతో, ఎండిన పెదాలతో కూర్చుని ఉన్నాడు. నేను సార్‌నైనా అడగకుండా నేరుగా మైకు దగ్గరికి పోయాను. విద్యార్థిని మాట్లాడుతుందంటే ఎవరు కాదంటారు?

"అన్నలారా, అక్కలారా! మన నీళ్ళ కోణం నూటనాలుగున్నర అని మనతోని బట్టీ కొట్టించిండ్రు. నేను సొంతంగ కొలిచిన. ముప్పై ఏడే ఉన్నది! మిగిలింది ఏమైనట్టు?"

 రోజూ వచ్చి ముందు వరుసలో కూర్చునే మల్లయ్య తాత లేచాడు.

"ఏందీ, సగం కూడ మిగలలేదా?"

"సగం కూడ లేదు తాతా!"

"అగో, కోణం కూడ ఎత్కపోయిండ్రు!"

అంతే. చప్పట్లు, ఈలలు. ఒక అన్న పిడికిలెత్తి "మా కోణం" అన్నాడు, వందల గొంతులు "మాకు కావాలె" అన్నాయి. కోణం అంటే ఏమిటని ఒక్కరూ అడగలేదు. నేను మాత్రం రాష్ట్రం నా చేతుల మీదుగానే వస్తున్నట్టు నిలబడ్డాను.

సార్ చెయ్యి ఊపి దగ్గరికి పిలిచాడు. శభాష్ అంటాడనుకున్నాను.

"బిడ్డా, నీ ఫైల్ల ఆటంలు ఏ వరుసల ఉన్నయ్?"

"మొదలు ఆక్సిజన్ సార్. తర్వాత రెండు హైడ్రోజన్లు."

"మన మీటింగు కరపత్రంల ముఖ్య అతిథి పేరు ఏడుంటది?"

"మొదలు."

"వేదిక మీద ఏడ కూసుంటడు?"

"నడుమ…" అన్నాను. ఆ మాట నోట్లోంచి సగం వచ్చేసరికే నా తప్పు నాకే తెలిసిపోయింది. నీళ్ళలో నడుమ ఉండేది ఆక్సిజన్. రెండు హైడ్రోజన్లూ దానికి చెరో పక్కన ఉంటాయి. కోణాన్ని ఆక్సిజన్ దగ్గర కొలవాలి. ఫైల్లో పేరు మొదట ఉందని నేను ఆక్సిజన్ను చివర కూర్చోబెట్టి, ఒక హైడ్రోజన్ను నడుమకు తెచ్చి కొలిచాను. మందుల అణువులన్నింటినీ కూడా అలాగే కొలవమని రాసి పెట్టాను!

"సార్, రేపే వైవా" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"పొద్దుగూకేదాక కరెంటు ఉంటదంట. ఉరుకు!"

ఉరికాం. వెనక నుంచి మా కోణం మాకు కావాలన్న నినాదం తరుముకొస్తూనే ఉంది. ఫైల్లో వరుసను నమ్మడం మానేశాను. ప్రతి పరమాణువునూ నడుమ కూర్చోబెట్టి, దానికి అతుక్కుని ఉన్నవాటిని మాత్రమే ఇద్దరిద్దరిగా పక్కన నిలబెట్టి కొలవమని రాశాను. నీళ్ళు పరీక్షించాను. నూటనాలుగున్నర! నజీమా చేత్తో నొక్కి కొలిచిన కోణాలతో పోల్చి చూశాం. ఒక్కటి కూడా తేడా రాలేదు.

మర్నాడు మేడం వచ్చీ రాగానే అడిగింది.

"ఏమ్మా, స్టేషన్ దగ్గర కోణం కావాలని అరుస్తున్నారు. అదేమిటి?"

సార్ కిటికీలోంచి బయటికి చూడసాగాడు. దాచి లాభం లేదని జరిగిందంతా మా భాషలోనే, ఎక్కడా మెత్తబరచకుండా చెప్పేశాను. మేడం కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వింది.

"అంత తక్కువ వస్తే అనుమానం రాలేదా?"

"వచ్చింది మేడం. పుస్తకం మీద వచ్చింది."

మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు నా మాట మీద కాదు, నా తొందర మీద. తేడా నాకు తెలుస్తుంది. తర్వాత తన పెన్‌డ్రైవ్‌లోంచి ఒక పెద్ద అణువు తీసి నడిపించమంది. నేను ఒక్క మీట నొక్కాను. కోణాలు బిలబిలమంటూ తెర నిండా దిగాయి. మేడం కావాలని నాలుగైదు చోట్ల చేత్తో కొలిచి చూసింది. అన్నీ సరిపోయాయి.

"మా కాలేజీ పిల్లలు ఇంకా ఒక్కొక్కటీ నొక్కుకుంటున్నారమ్మా. ఈ స్క్రిప్టు మాకు ఇస్తావా?"

ముందే చెప్పాను కదా, ఇదే ఆ గొప్ప. జఫర్‌గఢ్ పిల్ల రాసిన స్క్రిప్టు అడిగి తీసుకుపోయారు. సార్ వెంటనే "తప్పకుండ ఇస్తది మేడం" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నా ఛాతీ ఉప్పొంగింది. ఇప్పటికీ తలుచుకుంటే అంతే.

సాయంత్రం శిబిరానికి పోయి, అదే మైకులో నా తప్పు ఒప్పుకోవలసి వచ్చింది. జనం గొల్లుమన్నారు. మల్లయ్య తాత మాత్రం నవ్వలేదు.

"గదంత ఇడిసిపెట్టు బిడ్డా. మన కోణం మనకు వచ్చిందా లేదా?"

"వచ్చింది తాతా. మొత్తం నూటనాలుగున్నర."

"మరి ఆళ్ళకెంత?"

"ఆళ్ళకు కూడ నూటనాలుగున్నరే."

తాత తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "గట్లుండాలె పంపకం" అని కూర్చున్నాడు.

ఆరోజే గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను. నడుమ ఎవరున్నారో చూడకుండా జన్మలో కోణం కొలవను, కొలిచినా మైకు ముట్టను. నేటివరకు ఒట్టు తప్పలేదు. అంటే, మైకు ముట్టలేదు.