మడ్‌గార్డు మీద మా మామ

మా ఊళ్ళో ట్రాక్టరు తోలేవాడికి పెద్ద గౌరవం లేదు. గౌరవమంతా మడ్‌గార్డు మీద కూర్చున్నవాడిది. సీట్లో ఉన్నవాడు జీతగాడు, పక్కన పెద్ద టైరు పైని రేకు మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నాయన ఆసామి. ఎరువులకు కోడుమూరు పోయినా, పెళ్ళికి పోయినా, చేనికి పోయినా ఈ వరస మారదు. కొత్త ట్రాక్టరు వస్తే ముందు పూజ, ఆ వెంటనే ఆ రేకు మీదికి మెత్త కుట్టించడం. నవ్వకండి, మా ఇంట్లోనూ ఎర్రగుడ్డతో కుట్టిన మెత్త ఒకటి ఉండేది.

మా మామకు మాత్రం ఆ మెత్తతో పని పడేది కాదు. తన ట్రాక్టరు తనే తోలుకునేవాడు. ఆయన మా అమ్మకు సొంత అన్న. ఆయన కొడుకునే చేసుకున్నాను కాబట్టి మేనమామా ఆయనే, మామా ఆయనే. పుట్టినప్పటి నుంచి ఎత్తుకు తిప్పిన మనిషి ముందు కొత్త కోడలి వేషాలు వేయమంటే నాకెక్కడ కుదురుతుంది? ఆ ఇంట్లో నా నోరు మొదటి నుంచీ కొంచెం పెద్దదే.

మాకు ఊరి కింద ఆరెకరాల నల్లరేగడి, గట్టు మీద నాలుగెకరాల ఎర్రనేల ఉన్నాయి. గట్టంటే మా వైపు రాళ్ళగుట్ట. నల్లరేగడి ఇంట్లో అందరిదీ, గట్టుచేను మాత్రం మా మామది. పెళ్ళయిన కొత్తలో తనూ మా అత్తా కలిసి రాళ్ళు ఏరి, ముళ్ళకంప కొట్టి చేసుకున్న చేను అది. అక్కడ పండిన శెనక్కాయ రుచే వేరని ఆయన వాదన. నాకు ఏ తేడా తెలిసేది కాదు గానీ, అవును మామా అనేదాన్ని. అక్కడికి పోవడానికి ఒకటే బాట. నిట్టనిలువుగా ఉంటుంది. ఒక పక్క బండరాళ్ళు, ఇంకో పక్క వంక.

ఆ బాట దగ్గర మా మామ మనిషే మారిపోయేవాడు. గట్టు కింద ట్రాక్టరు ఆపి, ఎవరున్నా సరే దిగి నడవమనేవాడు. కూలికి వచ్చిన ఆడవాళ్ళు, చుట్టపుచూపుగా వచ్చిన మా నాయన, ఒకసారి ఓట్లడగడానికి వచ్చిన పెద్దమనిషి, అందరికీ ఒకటే మాట.

"దిగండప్పా. గట్టుకు మర్యాదలు తెలీవు."

పై నుంచి కిందికి వచ్చేటప్పుడూ అంతే. కుడి, ఎడమ చక్రాల బ్రేకులు రెంటినీ కలిపే కొక్కెం పడిందో లేదో వంగి చేత్తో తడిమి చూసుకునేవాడు. ఏ గేరులో ఎక్కాడో ఆ గేరులోనే దిగేవాడు. దిగుడులో డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసే అలవాటు మా చుట్టుపక్కల చాలామందికి ఉంది. వయసులో ఉన్నప్పుడు ఆయనా అదే పని చేసి ట్రాక్టరుతో సహా వంకలో పడ్డాడు. ఎడమ కనుబొమ మీది మచ్చ అప్పటిదే. దాన్ని వేలితో చూపించి, "చెంబెడు డీజిలు మిగిల్నాది లే" అనేవాడు.

పదేళ్ళ కిందట, విత్తనం వేసే రోజుల్లో, ఆ గట్టు మధ్యలోనే ఆయన ఎడమకాలు క్లచ్చి తొక్కలేకపోయింది. ఎలాగో బ్రేకు మీద నిలబెట్టాడు. వెనక నడుస్తున్న కూలివాళ్ళు పరిగెత్తి టైర్ల కింద రాళ్ళు పెట్టారు. కర్నూలు డాక్టరు మోకాళ్ళు అరిగిపోయాయని, ట్రాక్టరు మాట మరిచిపొమ్మని చెప్పాడు. మా ఆయన అప్పట్లో మంగంపేట గనుల్లో టిప్పరు తోలేవాడు, పదిహేను రోజులకొకసారి ఇంటికి వచ్చేవాడు. ఆ విడత వచ్చినప్పుడు అన్నం దగ్గర మెల్లగా కదిపాడు.

"గట్టుచేను బీడు పెడదాం నాయనా. జీతానికి ఎవుర్ని పిల్చినా ఆ బాటకు రామంటాండారు."

మామ సంగటిముద్ద పళ్ళెంలో అలాగే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. ఆ చేను పోతే ఈ మనిషి ఎక్కువ రోజులు ఉండడని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. ఒళ్ళు మండింది. ఎవరి మీదో ఇప్పటికీ చెప్పలేను.

"నేను తోల్తా" అన్నాను.

మా ఆయన నవ్వాడు. మా అత్త, "స్కూటీనే గోడకు గుద్దితివి కదమ్మా" అంది. అది నిజమే. మామ మాత్రం నవ్వలేదు, తెల్లారి గట్టు కిందికి రమ్మన్నాడు. పోయి చూస్తే ఆయన చేతిలో తాళంచెవి లేదు, సగానికి నీళ్ళు పోసిన చెంబు ఉంది.

"ట్రాక్టరు యాడ మామా?"

"ఇంటికాడ ఉండాది. ముందు కాళ్ళతో తోలు."

పది రోజులు ఆ గట్టు ఎక్కించి దింపించాడు. తను కింద రాయి మీద కూర్చుని అరిచేవాడు. నాలుగడుగులకొకసారి చెంబు నేల మీద పెట్టి చూడాలి. చెంబు నిలబడని చోట ట్రాక్టరు అడ్డం తిప్పకూడదు. ఆయన కొలత అంతే, దానికి చదువు అక్కర్లేదు. వాన వెలిసిన ప్రతిసారీ బాట మళ్ళీ నడిచి చూసుకోవాలి, ఎందుకంటే నిన్నటి బాట ఈరోజు ఉండదు. పై చక్రం రాయి ఎక్కి, అదే సమయానికి కింది చక్రం వాన కోతలో దిగితే ఆ పైన ఎవరూ ఏమీ చేయలేరు. పదో రోజుకు నా పిక్కలు రాళ్ళయ్యాయి. ఆయన్ని మనసులో తిట్టని తిట్టు లేదు. కానీ కళ్ళు మూసుకున్నా ఆ బాటలో ప్రతి రాయీ కనబడేది.

ఆ తర్వాతే సీటెక్కించాడు. ముందు నల్లరేగడి చేలో, చదునుమీద. ఎర్ర మెత్త మీద మా మామ కూర్చోవడం అదే మొదలు. ఇష్టంలేని పెళ్ళికి వచ్చినవాడిలా ముడుచుకుని కూర్చునేవాడు. టీ అంగడి దగ్గర ఒకాయన ఊరుకోక, "ఏమప్పా, కోడలు డ్రైవరు, నువ్వు ఆసామి! బాగుండాది" అన్నాడు. మామ తలైనా తిప్పకుండా, "మీ కోడలు నీకి టీ అన్నా పోస్తాందా? ఈడ తాగుతాండావు" అన్నాడు. ఆ అంగడి దగ్గర మళ్ళీ ఎవరూ నా ఊసెత్తలేదు.

ఆ ఏడు గట్టుచేను ఆలస్యంగానైనా నేనే దున్ని విత్తాను. ఖాళీ ట్రాక్టరుతో ఎన్నోసార్లు ఎక్కాను, దిగాను. మామ కింద కర్ర పట్టుకుని నిలబడి చూసేవాడు. కానీ ఇంట్లో అందరికీ తెలుసు, అసలు పరీక్ష అది కాదు. ట్రాలీ నిండా బరువుతో దిగాలి. అది చేయగలిగితేనే గట్టుచేను మాది, లేకపోతే వచ్చే ఏడు బీడు.

శెనక్కాయ పీకి, చెట్లు ఆరాక, కాయలతో సహా ఆ కట్టెను ట్రాలీలోకి ఎత్తించాను. ట్రాలీ పక్క చెక్కల ఎత్తు దాటనివ్వలేదు. కూలికి వచ్చిన ఆరుగురు ఆడవాళ్ళూ, "ఒక్క ట్రిప్పుకు పోయేదాన్ని మూడు చేస్తాండావే" అని సణిగారు. సణగనీ అనుకున్నాను. పని సగంలో ఉండగా మామ కర్ర పొడుచుకుంటూ గట్టెక్కి వచ్చాడు. మోకాళ్ళు పోయినప్పటి నుంచి ఆయన పైకి రావడం అదే మొదటిసారి. మూడుచోట్ల కూర్చుని వచ్చాడట. పొద్దున సంగటి కూడా ముట్టలేదని తర్వాత మా అత్త చెప్పింది.

నేను బాట ఒకసారి నడిచి చూసుకుని తిరిగి వచ్చేసరికి, మామ మడ్‌గార్డు మీద కూర్చుని ఉన్నాడు.

"ఏంది మామా ఇది?"

"నువ్వు పోనియ్. నేను పక్కనుంటే నీకి ధైర్యం."

వెనక నుంచి ఒకామె, "ఆయప్పే ఎక్కినాక మేమేంటికి నడవల్ల?" అని ట్రాలీ మీద కాలు పెట్టింది. ఇంకో ఇద్దరు కొంగు బిగించారు. ఇన్నేళ్ళుగా ఆ బాటలో నిలిచిన కట్టు ఒక్క నిమిషంలో ఊడిపోతోంది, ఊడదీస్తున్నది ఆ కట్టు పెట్టినవాడే. నేను మామ చేతివైపు చూశాను. ట్రాక్టరు ఇంకా కదలకముందే రేకు పక్కన కమ్మీని బిగించి పట్టుకుని ఉంది. ధైర్యం చెప్పడానికి ఎక్కలేదాయన. భయపడి ఎక్కాడు.

నాకూ భయమే. ఇంటి పెద్దను కూలివాళ్ళ ముందు దిగమనడం ఎట్లా? పైగా మోకాళ్ళ నొప్పికి ఎక్కుడు కంటే దిగుడే నరకం. ఆయన నడవాలంటే ఎంత బాధో నాకు తెలుసు. తెలిసే అన్నాను.

"దిగు మామా."

"ఏం?"

"దిగు. చెప్పేటివి శ్రీరంగనీతులేనా?"

ట్రాలీ మీద కాలు పెట్టినామె కాలు వెనక్కి తీసుకుంది. ఇంకొకామె, "పాపం, కాళ్ళ నొప్పులుండాయి గదమ్మా ఆయప్పకు" అంది.

"కూచోని కూచోని రానీ. ఎంతసేపైనా కింద నేనుంటా."

"నా ట్రాక్టరు ఇది" అన్నాడు మామ. గట్టిగా కూడా అనలేదు.

"నీదే మామా. తోలేది నేను."

ట్రాక్టరు తాళంచెవి తీసి బొడ్లో దోపుకున్నాను. ఆయన నా ముఖం చూడకుండా దిగాడు. నేను చెయ్యి చాపితే పట్టుకోలేదు, పక్కనున్న కూలామె భుజం పట్టుకున్నాడు. అది నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

మొదటి గేరులో వదిలాను. క్లచ్చి మీద నుంచి కాలు తీసేశాను. వెనక బరువు తోస్తుంటే ఇంజను మూలుగుతూ ఆపుకుంటూ వస్తోంది. సగం దిగాక కుడి వెనక టైరు ఒక కోతలో పడింది. బాట చూసినప్పుడు ఆ కోతను ఎండుగడ్డి కప్పేసి ఉండాలి. నేను స్టీరింగుకు వేలాడాను. ట్రాలీ ఒకసారి ఒరిగి, మళ్ళీ నిలబడింది. మామ ఇందాక కూర్చున్నది ఆ కుడిపక్కే. పట్టుకోవడానికి అక్కడ ఒక చిన్న కమ్మీ తప్ప ఏమీ లేదు, కింద చక్రం. ఆ మాట ఆలోచించడానికి అప్పుడు సమయం లేదు. కిందికి దిగి, ఆపి, టైర్లకు రాళ్ళు పెట్టాక ఆలోచించాను. రాయి మీద కూలబడ్డాను.

మామ దిగి రావడానికి గంట పట్టింది. ఆడవాళ్ళెవరూ ఆయన్ని దాటి ముందుకు రాలేదు, ఆయన కూర్చున్నప్పుడల్లా వాళ్ళూ కూర్చున్నారు. తిడతాడనుకున్నాను. నాలుగు రోజులు మాట్లాడడనుకున్నాను. ఆయన వచ్చి, కుడి టైరుకు అంటిన ఎర్రమట్టిని గోటితో గీకి చూశాడు. పైన బాట వైపు ఒకసారి చూశాడు. ఆ తర్వాత మడ్‌గార్డు కమ్మీ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఇంగ ఎక్కచ్చునా పాపా?"

ఆసామి అడుగుతున్నాడు, తన ట్రాక్టరు ఎక్కడానికి. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది, అందుకని "ఎక్కు, ఎక్కు, పొద్దుపోతాంది" అని కసిరాను. ఈసారి ఆయనే చెయ్యి చాపాడు. లాగి కూర్చోబెట్టాను.

ఆ తర్వాత ఐదేళ్ళు బతికాడు మామ. గట్టుచేను ఒక్క ఏడూ బీడు పడలేదు. కానీ ఆ రోజు నుంచి గట్టు దగ్గరే కాదు, ఇంటి ముందర చదునుమీదైనా సరే, నన్ను అడగకుండా ట్రాక్టరు ఎక్కలేదు. ఊళ్ళోవాళ్ళు ఎగతాళి చేసినా మానలేదు.

ఇప్పుడు మా ఆయన గనుల పని మానేసి వచ్చాడు. గట్టు మీద నేను దిగమంటే గొణుక్కుంటూ దిగి నడుస్తాడు. కిందికి రాగానే టక్కున ఎక్కి కూర్చుని పోనిమ్మంటాడు. అందులో తప్పేం లేదు. అయినా నేను వెంటనే పోనివ్వను. ఎవరో ఏదో అడగాలన్నట్టు కొంచెంసేపు ఆగుతాను. మామ లేడు కదా అని గుర్తొచ్చాక గేరు వేస్తాను.