మగ్గం గదికి వేసిన తాళం

పోయిన నెల ఒక పొద్దున మా కోడలు నా కొడుకును వెనక గదిలో పెట్టి తాళం వేసింది. ఊళ్లో కల్లు దుకాణం మూయించి అప్పటికి రెండు రోజులు, ఇంకో మూడు రోజులు లోపలుంటే తాగుడు అదే పోతుందని దాని ఆశ. తాళం పడ్డ చప్పుడు వినగానే చేతిలో పని వదిలేసి అటు పోయాను. ఒకప్పుడు అదే తలుపుకు నా చేత్తోనే తాళం వేశాను.

నా ఈడు వాళ్లకు యాదికుండే ఉంటుంది, మహబూబ్‌నగర్ పక్కన మా సాలోళ్ల వాడలో అప్పుడు ఇంటింటికీ మగ్గం ఉండేది, పొద్దు పొడవకముందే వాడంతా మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడె చప్పుడుతో లేచేది, చీర అంచు చూసి ఇది మా ఆయన నేసిందని చెప్పేవాళ్లు, అంత చేయి ఆయనది. సాయంత్రం మగ్గం గుంటలోంచి లేచి, నడుం నొప్పికని రెండు సీసాల కల్లు తాగేవాడు. అది చెట్టు కల్లు కాదని, మత్తుమందు కలిపిన నీళ్లని మాకు చెప్పినవాళ్లు లేరు. రానురాను పొద్దున సీసా పడనిదే ఆయన వేళ్లకు పోగు దొరికేది కాదు.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో కులపెద్దలు కూర్చుని, తాగేవాణ్ని ఇంట్లో వేసి తాళం పెట్టాలని, మధ్యలో తీసిన ఆడదాన్ని పెళ్లికీ చావుకూ పిలవొద్దని కట్టుబాటు చేశారు. నాకు సంతోషమే అయింది, అబద్ధం ఎందుకు. ఆయన్ను మగ్గం ఉన్న ఆ వెనక గదిలోనే ఉంచి, నీళ్లకుండా, జొన్న గటక ముంతా లోపల పెట్టి, తాళంచెవి కొంగున ముడేసుకున్నాను. మొదటి రోజు నాడె బాగానే ఆడింది. రెండో రోజు ఆడి ఆగేది, ఆగి ఆడేది. మధ్యలో ఎవరితోనో మాట్లాడేవాడు, చీమలు పాకుతున్నాయని నూలు దులిపేవాడు. వేళ్లు కొంకర్లు పోతున్నాయి, తలుపు తీయమని అడిగాడు. నేను తీయలేదు. మూడో రోజు మధ్యాహ్నం చప్పుడు ఆగింది. అలిసి పడుకున్నాడనుకుని, నిద్ర చెడుతుందని వాకిట్లో కోడిని కూడా అదిలించకుండా కూర్చున్నాను. తీసేసరికి గుంటలోకి ఒరిగి, నాలుక కరుచుకుని ఉన్నాడు.

పోయిన నెల ఆ పొద్దున కోడలిని తాళంచెవి అడిగితే చేయి వెనక్కి పెట్టుకుంది.

"గిప్పుడు తీస్తె మల్ల తాగుతడత్తా. జర రెండు దినాలు గట్టిగుండు."

"నేను సుత గట్లనే గట్టిగున్ననే బిడ్డా. గందుకే మీ మామ లేడు."

తిరుమలగిరి దిక్కు నుంచి వచ్చిన పిల్ల, దానికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, నేను అసలే చెప్పలేదు. తాళంచెవి నా చేతిలో పెట్టింది. తలుపు తీస్తే నా కొడుకు వేళ్లు వాళ్ల నాయిన వేళ్లలాగే ముడుచుకుని ఉన్నాయి.

మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరమ్మ వాణ్ని తిట్టలేదు, మమ్మల్నీ తిట్టలేదు. కల్లులో కలిపే ఆ మత్తుమందు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికొస్తుందని, గోళీలిచ్చి కొంచెం కొంచెంగా తగ్గించాలని చెప్పింది. ఇంత చిన్న మాట చెప్పేవాళ్లు ఆనాడు ఒక్కరు లేకపోయారు.

ఇప్పుడు వాడు ఇంట్లోనే ఉన్నాడు, అదే గదిలో పడుకుంటాడు. గొళ్లెం పీకించాను. వారానికోసారి దవాఖానకు పోయి వస్తాడు. దుకాణం మళ్లీ తెరుస్తారని అంటున్నారు. మగ్గం ఏనాడో పోయింది, గుంట పూడ్చి సిమెంటు పోశాం, వాడ మొత్తంలో నాడె చప్పుడు లేదు. ఆనాడు చప్పుడు ఆగిందన్న సంగతైనా నా చెవిన పడింది. ఇప్పుడు ఆ గదిలో ఆగడానికి ఏ చప్పుడూ లేదు, అందుకని గడపలో నిలబడి వాడి ఊపిరి వింటున్నాను.